మంచివి ముందు అమ్మేయండి

ఊళ్ళో పెద్దిల్లు అమ్మి హైదరాబాదులో ఫ్లాటుకి మారేవాళ్ళకి చుట్టాలూ స్నేహితులూ చెప్పే మాటలు ఎక్కడ విన్నా ఒకలాగే ఉంటాయి. బయల్దేరే ముందే సగం సామాను వదిలించుకోండి. మంచివి మాత్రం అమ్మకండి, ఎప్పటికైనా ధర వస్తుంది. జతలు విడగొట్టకండి. నలుగురిని అడిగి ఎక్కువిచ్చినవాడికే ఇవ్వండి. వినడానికి బాగానే ఉంటాయి. ఈ మాటలు పాటించిన ఇళ్ళలో ఏం జరుగుతుందో చాలాసార్లు చూశాను. బాల్కనీలో ప్లాస్టిక్ పట్టా కప్పుకుని భోషాణం, సెల్లార్లో కారు వెనక గోడకి చేరేసిన పందిరిమంచం కోళ్ళు, మంచాల కింద పాత చీరల్లో చుట్టిపెట్టిన పింగాణీ. ఏదీ వాడుకలో ఉండదు, ఏదీ అమ్ముడుపోదు. రెండు వానాకాలాలు దాటేసరికి పట్టా కింద చెమ్మ చేరి టేకు అంచులు నల్లబడతాయి. అప్పుడు వచ్చినకాడికి ఇచ్చేస్తారు.

అందుకని నేను చెప్పేవన్నీ ఆ సలహాలకి ఎదురుగా ఉంటాయి. వాటన్నిటి వెనకా నా పట్టుదల ఒక్కటే. పాత వస్తువు అమ్మేటప్పుడు అది మళ్ళీ ఎవరింట్లోనైనా వాడుకలోకి వెళుతుందా లేదా అన్నదే మొదట చూడాలి. ధర ఆ తర్వాతి సంగతి.

అన్నీ తెచ్చేసుకోండి, తర్వాతే అమ్మండి

మారకముందు అమ్మితే లారీ ఖర్చు కలిసొస్తుందంటారు. కలిసిరాదు. పాత సామాను కొనేవాళ్ళకి మీ గృహప్రవేశం ముహూర్తం ముందే తెలిసిపోతుంది. ఆ తేదీ తెలిసినవాడు బేరమాడడు, ఊరికే ఆగుతాడు. లారీ వాకిట్లో నిలబడి, హమాలీలు తొందరపెడుతూ, అటకమీద ఇంకా గంగాళాలు మిగిలి ఉన్న ఆ పూటే వస్తాడు. ఆ పూట అతను చెప్పిందే ధర. అదే గంగాళం ఫ్లాటులో మీ వంటింటి పక్కన ఉన్నప్పుడు తొందరంతా కొనేవాడిదే.

ఇంకో కారణం ఉంది. మండువా లోగిలిలో ప్రతి వస్తువుకీ ఒక చోటుంది కాబట్టి అన్నీ అవసరమైనవిగానే కనిపిస్తాయి. ఏది నిజంగా అవసరమో కొత్త ఇంట్లో కొన్నాళ్ళు బతికితేగాని తేలదు. ఫ్లాటులో రాగి బాయిలర్‌కి పొగపోయే దారి ఉండదు. అదే ఫ్లాటులో మడతమంచం ప్రతి పండక్కీ అక్కరకొస్తుంది. ఇది పాత ఇంట్లో కూర్చుని ఊహించలేరు.

కాబట్టి తెచ్చుకోండి. చిన్న గిన్నెలు పెద్ద గుండిగల్లో ఒకదాంట్లో ఒకటి పెట్టి, మధ్యలో పాత దుప్పటి ముక్కలు కూరండి. జాడీల చుట్టూ వరిగడ్డి దట్టంగా పెట్టండి. గ్రామఫోను ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టి సర్దండి. లక్కతో చేసిన ఆ పాత ప్లేట్లు బరువుకి వంగిపోతాయి, చిన్న దెబ్బకే పగులుతాయి.

ఒక్క మినహాయింపు. బయల్దేరే ముందు కొత్త అపార్టుమెంటు లిఫ్టు లోపలి కొలతా, ఇంటి గుమ్మం వెడల్పూ టేపుతో కొలిపించుకోండి. పలకలు విడదీయడానికి రాని భోషాణం, విప్పడానికి రాని పెద్ద బీరువా ఆ కొలతలో పట్టకపోతే వాటిని ఊళ్ళోనే, వడ్లూ పప్పులూ నిలవ పెట్టుకునే రైతు ఇంటికి ఇచ్చెయ్యండి. సెల్లార్లో పెట్టుకోవడానికి మాత్రం తేవద్దు.

మంచివే ముందు

ఇదే అందరూ తప్పుపట్టే సలహా. ముందు చిల్లర సామాను అమ్మి చేయి అలవాటు చేసుకోవాలి, మంచివి చివరికి ఉంచుకోవాలి అంటారు. చేసి చూసినవాళ్ళకి తెలుస్తుంది ఏం జరుగుతుందో. విరిగిన కుర్చీకి వందమంది ఫోన్లు చేస్తారు, పదిమంది వస్తామంటారు, ఒక్కడొచ్చి వంక పెట్టిపోతాడు. అలాంటివి నాలుగు అమ్మేసరికి ఓపికంతా హరించుకుపోతుంది. పందిరిమంచం వంతు వచ్చేసరికి "ఎంతో కొంత, తీసుకుపోండి" అనే స్థితికి వస్తారు. ఓపికా శ్రద్ధా నిండుగా ఉన్నప్పుడే, కొనేవాడితో తీరిగ్గా కూర్చుని మాట్లాడగలిగినప్పుడే, ఇంట్లోకెల్లా విలువైనదాన్ని బయటపెట్టండి.

రెండోది, మంచి వస్తువుకే చోటు ఎక్కువ కావాలి, గాలి ఎక్కువ కావాలి. బర్మా టేకు పందిరిమంచం ఎత్తయిన పైకప్పు కింద, నాలుగు పక్కలా మనిషి తిరిగే జాగాలో నిలబడాలి. మీకు చోటు లేకపోతే చోటున్నవాళ్ళు ఉన్నారు. విప్పేటప్పుడు నాలుగు కోళ్ళకీ, పట్టెలకీ సుద్దతో గుర్తులు పెట్టండి. ఏ చీల ఏ బెజ్జంలోదో చూసి, చీలలూ మరలూ ఒక గుడ్డసంచిలో వేసి ఆ సంచిని మంచం పట్టెకే కట్టెయ్యండి. ఆ సంచి పోయిన మంచం తర్వాత ఎవరు బిగించినా కిర్రుమంటూనే ఉంటుంది.

మీకోసం ఉంచుకోవాల్సినవి ధర పలకనివి. పోపుల పెట్టె, అట్లకాడ, పప్పుగుత్తి, అన్నానికి బియ్యం కొలిచే సోల. వీటిని కొనేవాళ్ళు తక్కువ, మీ చేతికి ఇవే అలవాటు. బీరువా అమ్మి పోపుల పెట్టె ఉంచుకున్న ఇల్లే నాకు కలిగిన ఇల్లుగా కనిపిస్తుంది.

పేరు చెరపకండి

మన ఇళ్ళలో ఇత్తడి మీద పేర్లుంటాయి. వేరే ప్రాంతాల పాత సామాను చూసినవాళ్ళకి ఇది వింతగా ఉంటుందేమోగాని మనకి మామూలు. పెళ్ళికి పెట్టిన బిందె అయితే మెడ కింద, పళ్ళెం అయితే అంచు వెనక, చెంబు అయితే అడుగున. ఉలి మొనతో చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ పోయిన అక్షరాలు. వేలితో తడిమితే గరుగ్గా తగులుతాయి. ముందు "చి. ల. సౌ." తర్వాత పేరు, ఇంటిపేరులో మొదటి అక్షరం, ఊరు. అదృష్టం ఉంటే తేదీ కూడా. చెక్కినవాడికి చోటు చాలక చివరి రెండక్షరాలూ పైకెక్కి ఉంటాయి. ఒత్తు ఒక్కటే విడిగా కిందకి జారి ఉంటుంది. పుట్టింటివాళ్ళు చెక్కించిన పేరొకటి, అదే బిందె మరో తరంలో కూతురికి పెట్టినప్పుడు దాని కిందే చెక్కించిన పేరు ఇంకోటి. అలా మూడు పేర్లున్న బిందెలున్నాయి.

అమ్మాలనుకోగానే మనవాళ్ళు చేసే మొదటి పని ఈ పేర్లు అరగదీయించడం. సిగ్గు. పెళ్ళి సామాను అమ్ముకున్నారని ఎవరైనా అంటారేమోనని. దుకాణాల్లోనూ పేరు తీయించి తెస్తే ఇంకొంచెం ఇస్తామంటారు. పాలిషు చక్రం మీద పెడితే అక్షరాలతోపాటు రేకు మందం కూడా పోతుంది, మెడ దగ్గర ఇత్తడి పల్చబడి తర్వాత అక్కడే చిల్లు పడుతుంది.

పేరుతోనే అమ్మండి. ఇత్తడి చూసి వయసు చెప్పడం చాలా కష్టం, ఎందుకంటే ఆ రూపంలోనే తరతరాలుగా చేస్తూ వచ్చారు. ఆ చుక్కల్లో ఉన్న తేదీ, ఊరూ ఒక్కటే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సాక్ష్యం. నా ఎదుటే ఒకావిడ తన ఆడపడుచుని అడిగింది, "రేపెవరైనా వాళ్ళింట్లో ఈ పేరు చూస్తే ఏమనుకుంటారు వదినా?" అని. "మా అమ్మ బిందెతో వాళ్ళు నీళ్ళు తెచ్చుకుంటున్నారనుకుంటారు" అంది ఆడపడుచు. ఆ బిందె పేరుతోనే వెళ్ళింది.

పేరు లేని సామానుకి మీరే ఒక చీటీ రాయండి. ఎవరిది, ఏ ఊరు, ఇంట్లో దేనికి వాడేవాళ్ళు, మీకు తెలిసినంతవరకూ. తెలియనిది కల్పించి రాయకండి. రాజావారి సంస్థానం నుంచి వచ్చిందని రాసిన చీటీ కన్నా "పుష్కరాలకి వచ్చిన చుట్టాలకి ఇందులో పులిహోర కలిపేవాళ్ళు" అన్న చీటీ కొన్నవాళ్ళకి ఎక్కువ ఉపయోగం.

తోమాల్సినవి తోమండి

పాతవస్తువులు సేకరించేవాళ్ళు దేన్నీ తోమవద్దంటారు, ఆ నలుపులోనే విలువంతా ఉందంటారు. వంటింటి ఇత్తడి విషయంలో నేను ఒప్పుకోను. బిందె, గుండిగ, చెంబు పుట్టినప్పట్నుంచీ చింతపండుతో, ముగ్గుతో తోమబడినవే. చిలుమెక్కిన గిన్నె ఎవరింట్లోనూ పొయ్యిమీదకి వెళ్ళదు, గాజు బీరువాలోకి వెళుతుంది. తోమి, కడిగి, ఎండబెట్టి చూపించండి. లోపల కళాయి పోయి ఉంటే ఆ మాట చెప్పండి. తగరంతో, నవాసారం చల్లి మళ్ళీ కళాయి వేయిస్తేగాని అందులో పులుసు కాయకూడదని కొనేవాళ్ళకి గుర్తుచేయండి. ఈ తరంలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

తోమకూడనివి వేరే ఉన్నాయి. నాణేలు, పూజలో లేని పాత విగ్రహాలు, బిద్రీ సామాను. బిద్రీ నలుపు మురికి కాదు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపిన లోహం మీద వెండి పొదిగి, బీదరు కోట మట్టి కలిపిన ద్రావణంలో ముంచితే వచ్చిన నలుపది. చింతపండు తగిలితే పోతుంది. పొడి మెత్తటి గుడ్డ, చాలు.

తోమేటప్పుడే కంచునీ ఇత్తడినీ వేరుచేయండి. ఇది చాలా ఇళ్ళలో చేయరు, చాలా నష్టపోతారు. రాగిలో జింకు కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు. కంచు ఖరీదెక్కువ. గిన్నెని అరచేతిలో అడుగుమీద నిలబెట్టి చెక్క గరిటతో అంచుమీద తట్టండి. కంచు అయితే మోత చాలాసేపు సాగుతుంది, ఇత్తడి అయితే త్వరగా ఆగిపోతుంది. కంచుకంచం కింద పడితే పగులుతుంది కూడా, సొట్ట పడదు. పాత సామానువాడి తక్కెట్లో రెండూ కలిపి వేయకండి.

కొన్నిటిని కాటాకి వేయండి

"అమ్మమ్మ గంగాళాన్ని తూకానికి అమ్ముతావా" అని ఎవరైనా అంటే తల దించుకోనక్కర్లేదు. అడుగు చిల్లులు పడి, అతుకుల మీద అతుకులు వేసి, ఇంక మాటు వేయడానికి రేకు లేనిదాన్ని ఉంచి ఏం చేస్తారు? పూలకుండీ చేస్తారు, లేదా మధ్యలో బెజ్జం కొట్టి దీపస్తంభం చేస్తారు. కరిగించడమే దానికి మర్యాద. తూర్పు గోదావరి జిల్లా అజ్జరంలో పాత ఇత్తడి కరిగించి కొత్త సామాను పోతపోస్తారు, సాగగొడతారు. ఆ ఊరికి తరతరాలుగా ఇదే జీవనం. ఆ కొలిమిలోకి వెళ్ళిన గంగాళం ఏ పెళ్ళి ఇంటికో బిందెగా తిరిగి వస్తుంది.

తూకానికి అమ్మేటప్పుడు రెండు చోట్ల తూకం వేయించండి, రాగిని విడిగా వేయించండి. బాయిలర్ మధ్యలో ఉన్న ఇనుప గొట్టాన్ని తీయించి తూస్తున్నారా, కలిపి తూస్తున్నారా చూడండి. అంతకన్నా ఇందులో ఆలోచించడానికేం లేదు.

జతలు విడదీయండి

ఆరు కంచాలూ ఒకే ఇంటికి ఇవ్వాలని కూర్చుంటే ఆరూ అటకమీదే ఉంటాయి. ఈ రోజుల్లో ఇంటికి ముగ్గురో నలుగురో. మూడు ఇక్కడ, మూడు అక్కడ ఇవ్వండి. నాలుగు కుర్చీల్లో ఒకటి విరిగితే మిగిలిన మూడూ మూడు బల్లల ముందు బతుకుతాయి. సెట్టుగా ఉంటే ధర ఎక్కువన్నది నిజమే, ఆ ధర ఇచ్చేది ఎక్కువగా అద్దాల బీరువా ఉన్నవాళ్ళు.

విడదీయకూడనివి ఉన్నాయి. కొలతపాత్రలు అందులో మొదటివి. గిద్దలు నాలుగైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. 1956లో మెట్రిక్ తూనికలు కొలతల చట్టం వచ్చాక ఇవి అంగళ్ళలోంచి తప్పుకున్నాయిగాని, ఇప్పటికీ ఒకదాంతో ఒకటి నింపి సరిచూసుకోవచ్చు. కుంచాన్ని పెన్నుల స్టాండుకోసం ఒక్కదాన్నే అడిగేవాళ్ళు వస్తారు. ఇవ్వకండి. పిల్లలున్న ఇంటికో, బడికో మొత్తం ఇవ్వండి. అలాగే రోలూ పొత్రం, తిరగలి రెండు రాళ్ళూ, తాళంకప్పా తాళంచెవీ.

లోపం ముందు చెప్పండి

ఫొటోలు తీసి అమ్మకానికి పెట్టేవాళ్ళు అందమైన వైపు ముందు చూపిస్తారు. మీరు పగులు ఉన్న వైపు ముందు చూపించండి. మొదటి ఫొటో పగులుదే కావాలి. ఆ ఫొటో చూశాక కూడా వచ్చినవాడు కొనడానికే వస్తాడు.

ఆవకాయ జాడీకి రెండు పరీక్షలు. మడిచిన వేలి కణుపుతో తట్టితే మోగాలి, డొప్పమని అంటే కంటికి కనపడని పగులుందని అర్థం. తర్వాత నీళ్ళు నింపి పొడి సిమెంటు గచ్చు మీద ఒక రాత్రి ఉంచండి, తెల్లారి గచ్చు చూడండి. బయటివైపు తెల్లగా ఉప్పు పూసిన జాడీ అయితే పరీక్షే అక్కర్లేదు. ఏళ్ళ తరబడి ఊరగాయలో ఉప్పు గాజుపూత పగుళ్ళలోంచి బయటికి వచ్చి పూసిందది. చింతపండుకో, పప్పులకో పనికొస్తుంది, ఆవకాయకి పనికిరాదు. అలాగే చెప్పి అమ్మండి.

పాత వాల్వు రేడియోకి ప్లగ్గు పెట్టి చూడకండి. మర్ఫీ గానీ, బుష్ గానీ, ఫిలిప్స్ గానీ, ఏళ్ళ తరబడి కరెంటు చూడని రేడియోకి ఒక్కసారిగా 230 వోల్టులు ఇస్తే లోపలి కెపాసిటర్లు పాడైపోతాయి, పొగ వస్తుంది, దానితో ట్రాన్స్‌ఫార్మరు కూడా పోవచ్చు. "పనిచేస్తుందా?" అని అడిగితే "పెట్టి చూడలేదు" అని చెప్పండి. రేడియోలు బాగుచేసుకునేవాడికి అదే మంచి కబురు. పోస్టాఫీసులో కట్టిన రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే దాంతోపాటే ఇవ్వండి.

గ్రామఫోను విషయంలో ఒక మాట. పెద్ద ఇత్తడి పువ్వు లేదని మీ పెట్టె గ్రామఫోనుని తీసిపారేస్తారు. పట్టించుకోకండి. 1930లలో వచ్చిన హెచ్.ఎం.వి. 102 లాంటి వాటిలో పువ్వు పెట్టె లోపలే ఉంటుంది. బజార్లో తళతళలాడే పువ్వులతో కనిపించేవి చాలావరకు ఈమధ్య కూర్చినవి. సూదుల డబ్బీ ఉంటే ఇవ్వండి, అవి ఉక్కు సూదులని, ఒక్కో వైపుకి ఒక్కోటి మార్చాలని చెప్పండి. అరిగిన సూదితో సూరిబాబు పద్యం వినబోయి ప్లేటు గాడి చెరుపుకున్నవాళ్ళున్నారు.

తక్కువిచ్చేవాడికి ఇవ్వండి

ఇద్దరొచ్చారనుకోండి. ఒకరు హోటలు అలంకరణకోసం గుండిగలన్నీ ఒకేసారి కొంటామంటారు, డబ్బు వెంటనే ఇస్తామంటారు. ఇంకొకరు ఇంట్లో వ్రతాలకీ, శ్రీరామనవమి పానకానికీ పెద్దది ఒక్కటి కావాలంటారు, సగం ధర అడుగుతారు. రెండోవాళ్ళకి ఇవ్వండి. తేడా ఎంతో మీకు తెలుసు, ఆ తేడా మీ నెల ఖర్చుని మార్చదు. గుండిగకి మాత్రం మేకుకి వేలాడటానికీ పొయ్యి ఎక్కడానికీ మధ్య తేడా అది. అవసరంలో ఉండి అమ్ముకుంటున్నవాళ్ళకి ఈ మాట వర్తించదు. వాళ్ళు ఎక్కువిచ్చినవాడికే ఇవ్వాలి, అది న్యాయం.

కొనడానికి వచ్చినవాళ్ళని "ఇది ఏం చేస్తారు?" అని అడగండి. బాగా తెలిసిన ఒక పెద్దావిడ ఉయ్యాలబల్ల అమ్మేటప్పుడు ఇదే అడిగింది. వచ్చినతను "గోడకి టీవీ కింద పలకగా పెడతాం అమ్మా" అన్నాడు. "నా మనవలు ఊగిన బల్ల నాయనా, గొలుసులు కూడా ఉన్నాయి, ఊగేవాళ్ళుంటే పంపించు" అని మజ్జిగ ఇచ్చి పంపేసింది. ఆ బల్ల ఇప్పుడు పెరడున్న ఒక ఇంట్లో ఊగుతోంది.

ధరలు తెలుసుకోవడానికి మాత్రం బజారు చూడాల్సిందే. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమ్మేరాత్ బజార్, చార్మినార్ దగ్గర ముర్గీచౌక్ దుకాణాలు. మీ సామాను పట్టుకుపోకండి, కొనేవాళ్ళలా వెళ్ళి మీ దగ్గర ఉన్నలాంటిదాన్నే ఎంతకి అమ్ముతున్నారో అడగండి. దుకాణం అద్దె, ఏళ్ళ తరబడి అమ్ముడుపోకుండా ఉండే సరుకు, వాళ్ళ లాభం అన్నీ అందులో ఉంటాయి, కాబట్టి అంత ధర మీకు రాదు. చెక్కిన స్తంభాలూ, గుమ్మాలూ ఉంటే తమిళనాడు కారైకుడిలో చెట్టినాడు ఇళ్ళ కలపకోసం పెద్ద బజారే ఉంది, అక్కడి ధరలూ విచారించండి.

పిల్లల్ని అడక్కండి

డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకి వీడియో కాల్‌లో సామానంతా చూపించి "ఏది కావాలి?" అంటే "ఏమీ వద్దమ్మా" అంటారు. వాళ్ళు చెప్పేది నిజం. ఆ క్షణంలో వాళ్ళకి చోటు గుర్తొస్తుంది, సూట్‌కేసు బరువు గుర్తొస్తుంది. జవాబు విని మీరు బాధపడతారు, మీరు బాధపడ్డారని వాళ్ళు బాధపడతారు. అడక్కుండా ఒక్కొక్కరికి ఒక్కటి, చేతిలో పట్టేది, రోజూ వాడేది ఎంచి ఇచ్చెయ్యండి. కాఫీ ఫిల్టరు, మరచెంబు, కుంకుమభరిణె. మిగతావాటి గురించి వాళ్ళతో చర్చ పెట్టకండి.

ఏది ఇచ్చినా నూరేళ్ళు దాటిందైతే విమానం ఎక్కించకండి. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువుని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. చేతిరాత ప్రతులకీ పత్రాలకీ అయితే ఆ గడువు 75 ఏళ్ళే. చూడటానికి పాతగా ఉండి నిజానికి పాతది కానిదానికి పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వేక్షణ శాఖ ధ్రువపత్రం ఇస్తుంది.

కాగితాలు ఊరికే ఇచ్చేయండి

1924 నుంచి వచ్చిన "భారతి" సంచికలు, 1947 జులైలో మొదలైన "చందమామ" పాత కట్టలు, ఆంధ్రపత్రిక ఉగాది సంచికలకి ఇప్పుడు మంచి ధర వస్తోంది. అయినా అమ్మకండి. సంచికకి ఒకడు చొప్పున కొని విడివిడిగా దాచుకుంటే ఏ సంచికలో ఏముందో ఇంకెవరికీ తెలియకుండా పోతుంది. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం, హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, సుందరయ్య విజ్ఞాన కేంద్రం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్లకి ముందు ఫోను చేసి, మీ దగ్గరున్న నెలలూ సంవత్సరాలూ చదివి వినిపించి, వాళ్ళ దగ్గర లేనివి ఏవో అడిగి ఇవ్వండి. చెప్పకుండా బస్తాలు దింపి రాకండి, వాళ్ళకీ చోటు సమస్యే.

భోషాణం అమ్మే ముందు అడుగున పరిచిన కాగితాలు ఎత్తి చూడండి. పాత పత్రికలతోపాటు పెళ్ళి శుభలేఖలు, పన్ను రసీదులు, ఉత్తరాలు ఉంటాయి. ఏమీ రాయని పాత స్టాంపు కాగితాలు దొరికితే ఎవరికీ ఇవ్వకండి, పాత తేదీలతో దొంగ దస్తావేజులు రాయడానికి వాటికోసం తిరిగేవాళ్ళుంటారు. తాళపత్రాలుంటే దారం తెంపకండి, నూనె రాయకండి, ఆకులు విడదీసి చదవబోకండి. తిరుపతిలో వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు ప్రాచ్య పరిశోధన సంస్థలో గానీ, హైదరాబాదు ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో గానీ చూపించండి. గోడ మీది పాత ఫొటోలు ఫ్రేముకోసం కొంటారు, లోపలి మనుషుల్ని చెత్తలో పడేస్తారు. ఫొటో మీరే తీసుకుని ఫ్రేము అమ్మండి.

అసలు అమ్మకూడనివి

పులిగోరు, ఏనుగు దంతం, జింక కొమ్ములు, పులిచర్మం ఎంత పాతవైనా, తాతగారి నాటివైనా, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పెరట్లో తవ్వితే దొరికిన నాణేలు, విగ్రహాలు వెంటనే మీవి అయిపోవు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలి. పైన చెప్పిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన రాతి, లోహ విగ్రహాలూ, పాత చిత్రాలూ ఇంట్లో ఉంటే రిజిస్టరు చేయించాలి, చేతులు మారితే ఆ సంగతీ తెలియజేయాలి. పూజగదిలో విగ్రహాన్ని ఎలాగూ అమ్మబోరు. ఎవరో కొంటామని వచ్చి ఒత్తిడి చేస్తే ఆ పురావస్తువుల చట్టం పేరు చెప్పండి, మళ్ళీ రారు.

వెండి రూపాయలు అమ్మదగ్గవే, కంసాలి దగ్గరకి వెళ్ళే ముందు సంవత్సరాలు చూసి వేరుచేయండి. విక్టోరియా రాణి నుంచి ఐదో జార్జి దాకా రూపాయి 11.66 గ్రాములు, అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు వెండి. 1940 నుంచి సగమే వెండి, 1947 రూపాయి నికెలు. అన్నీ కలిపి ఒకే లెక్క కడతామంటే ఒప్పుకోకండి. పాత నాణేనికి లక్షలిస్తామని, ముందు పన్ను కట్టమని, రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ఫోను చేసేవాళ్ళు దొంగలు. 2021లో రిజర్వు బ్యాంకే ఈ విషయం హెచ్చరించింది.

డబ్బు వచ్చాక

ఇంటి సామాను అమ్మిన డబ్బుకి పన్ను ఉండదుగాని చిత్రాలు, శిల్పాలు, కళాఖండాలు అమ్మితే వచ్చిన లాభానికి ఉంటుంది. వారసత్వంగా వచ్చి, 2001 ఏప్రిల్ 1కి ముందునుంచీ కుటుంబంలో ఉన్నవాటికి ఆ తేదీ నాటి విలువని ఆధారంగా తీసుకోవచ్చు. పెద్ద చిత్రం అమ్మితే ఆడిటరుని కలవండి.

కొన్నవాళ్ళ ఫోను నంబర్లు ఒక పుస్తకంలో రాసుకోండి, ఎదురుగా ఏం కొన్నారో రాయండి. ఇల్లు మారాక సర్దుతూ పోతుంటే మూతలు, తాళంచెవులు, మంచం చీలలు, జాడీ బిరడాలు నెలల తరబడి బయటపడుతూనే ఉంటాయి. దొరికినప్పుడల్లా నంబరు చూసి ఫోను చేసి, కొరియరులో పంపించండి. కొరియరు ఖర్చు మీరే పెట్టుకోండి.